తేట నీరంతా మంచినీరేనా?



బావి తవ్వేటప్పుడు జల పడగానే కొబ్బరికాయ కొట్టి, "గంగమ్మ తల్లి వచ్చింది" అనుకోవడం మన ఆచారం. నేల లోపల ఎక్కడో ఒక నది పారుతున్నదనీ, మన బావి దానికి తగిలిందనీ చాలామంది నమ్మకం. ఆ గంగమ్మ ఎక్కడినుంచి వచ్చింది? మనం ఆమెను ఎలా చెరుపుతున్నాము? ఈ రెండు సంగతులు ఈ పూట చెప్పుకొందాము.

నేలలోని నీటికి పుట్టిల్లు ఆకాశమే. కురిసిన వానలో కొంత పారి వాగులకూ చెరువులకూ చేరుతుంది. కొంత ఎండకు ఆవిరైపోతుంది. కొంత చెట్టూ చేమా తాగుతాయి. మిగిలిన కొద్ది భాగమే నేలలోకి ఇంకుతుంది. నల్లగొండ వంటి రాతినేలల్లో అది సుమారు పదోవంతు అనుకోండి. ఏడాదిలో 700 మిల్లీమీటర్ల వాన పడితే ఒక ఎకరం మీద కురిసే నీరు దాదాపు 28 లక్షల లీటర్లు. అందులో బావికి దక్కేది 2 లక్షల 80 వేల లీటర్లు. చెరువులూ, కుంటలూ, కాలువలూ, మడిలో నిలిచిన నీరూ ఇంకి దీనికి తోడవుతాయి. అంతేగాని అడుగున ఎవరూ దాచిపెట్టిన తరగని నిధి ఏమీ లేదు.

ఇంకిన నీరు ఎలా ఉంటుంది? కుండ నిండా ఇసుక పోసి, చెంబెడు నీళ్లు పోసి చూడండి. నీళ్లు ఇసుక రేణువుల సందుల్లో సర్దుకొంటాయి. నేలలోనూ అంతే. పైన మట్టి, దాని కింద మొరం, ఇంకా కింద పగుళ్లు పట్టిన రాయి, అడుగున గట్టి బండ. ఆ మొరం సందుల్లో, ఆ రాతి పగుళ్లలో నీరు మెల్లగా కదులుతూ ఉంటుంది. ఆ నీటిని అందుకోవడానికి మనం తవ్వుకొన్న గొయ్యే బావి. కాబట్టి బావి చుట్టూ నేలమీద ఏది పోస్తే అది ఏదో ఒకనాడు బావిలోకి దిగుతుంది. మన పెరట్లో పోసినది పొరుగువారి బావిలో తేలవచ్చు.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన ఒక ఊళ్లో కామెర్లు, విరేచనాలు ఎక్కువగా ఉన్న రోజుల్లో గ్రామసభ పెట్టి, "నీళ్లు మరగకాచి తాగండి, ఇక భయం లేదు" అని చెప్పి వచ్చాను. ఆరు నెలల తరువాత అదే ఊళ్లో బావి నీళ్లు పరీక్షకు పంపించాము. ఒక ఇంటి బావిలో నైట్రేటు ఉండవలసిన దానికి రెండింతలకు పైగా వచ్చింది. కాగితం పట్టుకొని ఆ ఇంటికి వెళ్లాను. వసారాలో పెద్దమ్మ మూడు నెలల మనుమరాలిని ఒళ్లో పెట్టుకొని సీసాతో పాలు పడుతున్నది. తల్లికి పాలు చాలక డబ్బాపాలు కలుపుతున్నారట.

"ఏ నీళ్లతో కలుపుతున్నారు పెద్దమ్మా?" అని అడిగాను.

"మన బాయి నీళ్లే సారూ. మీరు చెప్పినట్టే మంచిగ మసలవెట్టే పోస్తున్న. సూడు, అద్దం లెక్కున్నయి" అన్నది.

నాకు నోట మాట రాలేదు. మరగకాచితే క్రిములు చస్తాయి, నిజమే. కాని నైట్రేటు ఆవిరి కాదు. నీరు ఇగిరినకొద్దీ అది చిక్కబడుతుంది. ఆరు నెలల లోపు పసిబిడ్డల కడుపులో నైట్రేటు మార్పు చెంది రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి లేకుండా చేస్తుంది. పెదవులు, గోళ్లు నీలిరంగుకు తిరుగుతాయి. ముదిరితే ప్రాణానికే ముప్పు. ఆనాడే బిడ్డను డాక్టరుగారికి చూపించాము. దైవం మేలు చేసింది, బిడ్డకు ఏమీ కాలేదు. నీళ్లు మార్చారు. ఆ రోజునుంచి నేను సగం మాట చెప్పడం మానుకొన్నాను.

ఆ బావిలోకి నైట్రేటు ఎలా వచ్చింది? బావికి పది అడుగుల దూరంలో పెంటదిబ్బ. దాని పక్కనే పశువుల కొట్టం. ఇవతల మరుగుదొడ్డి గుంత. వానలకు ఆ ఊట అంతా మొరంలో దిగి బావికి చేరింది. దీనికి తోడు మన యూరియా. వేసిన నత్రజనిలో సగం కూడా పైరుకు అందని సందర్భాలు సాధారణమే. మిగిలిన దానిలో కొంత గాలిలో కలుస్తుంది. కొంత నైట్రేటుగా మారి, మట్టికి అంటుకోకుండా నీటితోపాటు కిందికి జారిపోతుంది. ఒకేసారి రెండు బస్తాలు గుమ్మరించి నిండా నీరు పెడితే, మన డబ్బును మనమే బావిలో పోసుకొన్నట్టు.

మూడోది ఫ్లోరైడు. దీనిని మనం పోయలేదు. ఇది రాతిలోనే ఉంటుంది. నీరు రాతి పగుళ్లలో ఎంతకాలం నిలిస్తే అంత ఫ్లోరైడు అందులో కరుగుతుంది. పాతకాలపు దిగుడుబావుల్లో ఏటేటా కొత్త వాననీరు చేరేది. ఆ బావులు ఎండేదాకా తోడి, మూడు నాలుగు వందల అడుగుల బోర్లు దించితే, రాతిలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు పైకి వస్తుంది. చాలాచోట్ల ఫ్లోరైడు పెరగడానికి ఇది ఒక కారణం. పిల్లల పళ్లు గారపట్టడం, పెద్దల నడుములూ మోకాళ్లూ బిగిసిపోవడం దీని గుర్తులు. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించినది అప్పటి నెల్లూరు జిల్లాలో, 1937లో. నల్లగొండ జిల్లా మునుగోడు, మర్రిగూడ ప్రాంతాలవారికి దీని బాధ వేరే చెప్పనక్కరలేదు. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నదీజలాలను ఇళ్లకు తెచ్చింది ఈ బాధను పోగొట్టడానికి కూడా. ఆ నీరు వచ్చే ఇంట్లో తాగడానికీ వండడానికీ దానినే వాడండి.

మరి మనం చేయవలసినది ఏమిటి?

మొదటిది, పరీక్ష. కంటికి తేటగా, నోటికి తియ్యగా ఉన్నంతమాత్రాన అది మంచినీరు కాదు. క్రిములు, నైట్రేటు, ఫ్లోరైడు ఈ మూడూ కంటికి కనబడవు. లీటరు నీటిలో నైట్రేటు 45 మిల్లీగ్రాములకు మించరాదు. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలి. వేరే గతి లేనప్పుడు కూడా 1.5 దాటరాదు. జిల్లాలో తాగునీటి పరీక్షశాల ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి పరీక్ష చేయించండి.

రెండవది, దూరం. మరుగుదొడ్డి గుంత, పెంటదిబ్బ బావికి కనీసం 50 అడుగుల దూరాన, పల్లపు వైపున ఉండాలి. పగుళ్ల రాయి పైకే ఉన్న నేలల్లో ఇంకా ఎడం పాటించండి. బావి చుట్టూ గట్టు కట్టి, సిమెంటు చప్టా వేసి, వాడిన నీరు దూరంగా పోయేట్టు కాలువ తీయండి. మందు కొట్టిన పంపును బావి గట్టున కడగకండి. ఎండిపోయిన బోరులోకి మురుగునీరు వదిలేవారు కొందరు ఉన్నారు. అది ఊరందరి గొంతులో పోసినట్టే. అటువంటి బోరును మూసివేయండి.

మూడవది, యూరియా. ఒక్కసారి కాక మూడు దఫాలుగా, పైరు అడిగినప్పుడే, మడిలో నీరు తగ్గించి వేయండి.

నాల్గవది, శుద్ధి. క్రిములకు బ్లీచింగు పొడి మంచి మందు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి పొడి చాలును. 3 మీటర్ల వ్యాసం, 4 మీటర్ల నీటి లోతు గల బావిలో సుమారు 28 వేల లీటర్లు ఉంటాయి. దానికి 70 గ్రాములు. పొడిని బకెట్టు నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటను మాత్రం బావిలో కలపండి. గంటసేపు ఆగి తోడుకోండి. ఫ్లోరైడుకైతే పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి ఉన్నది. దీనిని నాగపూరులోని నీరి సంస్థ రూపొందించింది. నల్లగొండ పద్ధతి అని దాని పేరు. పాళ్లు మాత్రం పరీక్ష ఫలితాన్ని బట్టి తెలిసినవారిచేత వేయించుకోవాలి. నైట్రేటుకు ఇటువంటి తేలిక మందు లేదు. ఆ నీటిని పసిబిడ్డలకు పట్టకపోవడమే మందు.

చివరి మాట. వాగు చెడితే ఒక మంచి వరద కడిగిపోవచ్చు. నేలలోని నీరు చెడితే కడిగే వరద లేదు. అది మంచిపడడానికి ఏళ్లు పట్టవచ్చు. ఈ సాయంత్రం ఒక్కసారి మీ బావి గట్టున నిలబడి చుట్టూ చూడండి. పెంటదిబ్బ ఎంత దూరాన ఉన్నదో అడుగులతో కొలవండి. ఇంట్లో పసిబిడ్డ ఉంటే, ఆ సీసాలో కలిపే నీళ్లు ఎక్కడివో అడగండి. మిగిలిన పని మీకే తోస్తుంది.