మోటారుబండికి నూనె, ఫిల్టరు



హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారునకు అనతిదూరమున, చౌమహల్లా ప్రాసాదము కలదు. అందు 1912వ సంవత్సరపు రోల్సురాయిసు కారొకటి ప్రదర్శనకై ఉంచబడినది. నిజాముల కొఱకు చేయబడిన పసుపుపచ్చని బండి అది. ఆ కాలమున మోటారుబండి ప్రభువుల వాహనము. దానిని కనిపెట్టియుండుటకు వేఱుగ పనివారుండిరి. నేడు పల్లెలందును అనేక గృహముల ముందర కారు నిలిచియున్నది. దాని సంరక్షణ భారము ఇంటివారిదే. కావున నూనెను, ఫిల్టరును ఎట్లు ఎన్నుకొనవలెనో మనవి చేసెదను.

నా పూర్వశిష్యు డొకడు టాక్సీ నడిపి కుటుంబమును పోషించుచుండెను. నూనె మార్చుపని తానే చేసికొనెడివాడు. ఒకనాడు పాత ఫిల్టరును ఒక అంగడిలో చూపి, “ఇటువంటిదే ఇమ్ము” అని అడిగి, చవుకగ నొకటి కొనెను. మర బిగిసినది గనుక సరిపోయిన దనుకొనెను. కాని దాని రబ్బరు వలయము కొంచెము చిన్నది. దూరప్రయాణమున నూనె కారిపోయెను. ఎఱ్ఱదీపము వెలిగినను, ఊరు దగ్గఱనే యున్నదని బండి నాపడయ్యెను. ఇంజను పట్టుకొనిపోయినది. దానిని బాగుచేయించుటకై భార్య మెడలోని గొలుసు తాకట్టు పెట్టవలసివచ్చెను. నేతిబీరకాయలో నేయి యుండదు గదా!

ఫిల్టరు లోపల ముడుతలుగ మడిచిన కాగితమువంటి పొర యుండును. అది నూనెలోని మసిని, లోహపు రజమును పట్టుకొనును. పొర పూడుకొనిపోయినచో, ఇంజను ఎండిపోకుండ ఒక చిన్న కవాటము తెఱచుకొని నూనెను వడకట్టకయే పంపును. ఆ కవాటము ఎంత ఒత్తిడికి తెఱచుకొనవలెనో బండి బండికి భేదముండును. పైకి ఒకే తీరున నున్న రెండు ఫిల్టరులు లోపల వేఱు కావచ్చును. కావున రూపమును గాక, బండితో వచ్చిన పుస్తకములోని సంఖ్యను చూచి కొనవలెను.

ఇక నూనె. చిక్కని నూనెయే మంచిదని పలువురి నమ్మకము. ఎద్దుబండి యిరుసునకు పూయు కందెన విషయమున అది చెల్లును. ఇంజను విషయమున చెల్లదు. అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘము 1911లోనే నూనెల చిక్కదనమునకు కొలతలు నిర్ణయించినది. డబ్బాపై ఎస్.ఎ.ఇ. అను అక్షరములు ఆ సంఘము పేరే. 5డబ్ల్యూ-30 అని యున్నచో, మొదటి సంఖ్య చలిలో నూనె పాఱు తీరును, రెండవది ఇంజను వేడెక్కినపుడు నిలుచు చిక్కదనమును తెలుపును. మన యెండలు 40 డిగ్రీలు దాటినను, పనిచేయు ఇంజనులోని నూనె 90 డిగ్రీలకు పైబడి యుండును. కావున ఎండకు జడిసి, పుస్తకము చెప్పినదానికంటె చిక్కని నూనె పోయరాదు. నేటి ఇంజనులలోని సన్నని దారులలో అది వెంటనే పాఱదు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్. 6 నియమమునకు లోబడిన డీసెలుబండ్లలో పొగమసిని పట్టు ఫిల్టరు కలవానికి, బూడిద తక్కువగ మిగుల్చు నూనెయే వలయును. వైద్యుడు రోగి ప్రకృతి నెఱిగి మందిచ్చినట్లే ఇదియు.

మార్చునపుడు పాత రబ్బరు వలయము ఇంజనునకు అంటుకొని యుండునేమో చూచి తీసివేయవలెను. క్రొత్త వలయమునకు కొంచెము నూనె రాసి, చేతితోనే బిగింపవలెను. నూనె కొలపుల్లపై రెండు గుఱుతుల నడుమ నుండవలెను. ఎక్కువైనచో నురుగు కట్టును. గాలిఫిల్టరు కాగితపుదైనచో నీట కడుగరాదు. దుమ్ముదారుల తిరుగు బండికి దానిని ముందుగనే మార్చవలెను.

సీలు చెడని డబ్బా కొని, రసీదు పుచ్చుకొనుడు. ఖాళీ డబ్బాకు రంధ్రము చేసి పాఱవేయుడు. లేనిచో మోసగాండ్రు దానినే నింపి మరల అమ్ముదురు. పాత నూనెను కాలువలోగాని బావిచెంతగాని పోయక, దానిని శుద్ధిచేయ అనుమతిగల వారికి చేర్చుడు.

చవుక కొనుగోలులో మిగిలినది కొన్ని రూపాయలు. పోయినది ఒక యింటి జీవనాధారము. మీ పిల్లలు అంగడికి పోవునపుడు, పాత సామాను గాక బండి పుస్తకమును చేత నిచ్చి పంపుడు.

సెలవు.