మీరూ మాలాగే నేర్చుకున్నారా?

(నందిగామలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుని ప్రసంగం)



ఇథియోపియా అనుభవాలు నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. 1981 నుంచి 1984 వరకు నేనక్కడ ఇంగ్లీషు మాస్టారుగా పనిచేశాను. హైలే సెలాసీ చక్రవర్తి కాలం నుంచీ మన దేశపు ఉపాధ్యాయులు అక్కడి హైస్కూళ్లలో ఉండేవారు. 1974లో చక్రవర్తిని దించి సైనిక ప్రభుత్వం వచ్చాక కూడా మనవాళ్లు వెళ్లారు. ఆ రోజుల్లో అక్కడి పిల్లలు ఆరో తరగతి దాకా అమ్హారిక్ భాషలో చదివి, ఏడు నుంచి ఇంగ్లీషు మీడియంలోకి మారేవారు.

మొదటి రోజే ఒక కుర్రవాడు లేచి, “సార్, ఇంగ్లీషు మీ ఇంటి భాషా?” అన్నాడు. కాదు, తెలుగు అన్నాను. “అయితే మీరూ మాలాగే నేర్చుకున్నారా?” అన్నాడు. క్లాసంతా నవ్వింది. తెలుగు మీడియంలో చదివినవాణ్ణి, నాకు తల కొట్టేసినట్లయింది. జవాబు చెప్పకుండా గద్దించి కూర్చోబెట్టాను.

ఆ శనివారం మూడు గంటలకు స్పెషల్ క్లాసు అన్నాను. మధ్యాహ్నం మూడింటికి వెళితే ఒక్కరూ లేరు. సోమవారం కేకలేశాను. అదే కుర్రవాడు వినయంగా, “మేం మూడింటికే వచ్చాం సార్, మీరే రాలేదు” అన్నాడు. వాళ్లకు గంటల లెక్క పొద్దుపొడుపుతో మొదలు. మన ఉదయం తొమ్మిది వాళ్లకు మూడు. మన పంచాంగంలో ఘడియలూ సూర్యోదయం నుంచే కదా! ఆ సంగతి నాకు తట్టలేదు. పిల్లలు వచ్చి, ఎదురుచూసి, వెళ్లిపోయారు. క్లాసులో అందరి ముందూ క్షమాపణ చెప్పుకున్నాను.

ఆనాటి నుంచి వాళ్ల దగ్గర వాళ్ల భాష నేర్చుకోవడం మొదలుపెట్టాను. ముప్పై మూడు అక్షరాలు, ఒక్కొక్కదానికి ఏడు రూపాలు, అచ్చం మన గుణింతమే. “ఎనే ఇంజెరా బెల్లాహు” అంటే నేను ఇంజెరా తిన్నాను అని. ఇంజెరా అంటే టెఫ్ అనే సన్నని ధాన్యపు పిండి పులియబెట్టి పోసే పెద్ద అట్టు. మనలాగే క్రియ చివర వస్తుంది. అందుకే వాళ్లు “ఐ ఇంజెరా ఏట్” అని రాసేవారు. చిన్నప్పుడు “ఐ రైస్ ఏట్” అని రాసి నేను బెత్తం దెబ్బలు తిన్నాను. ఆ సంగతి చెబితే క్లాసు మళ్లీ నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను. తప్పు ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ ఆ దారినే వచ్చాను.

తిరిగివచ్చాక మన పిల్లలను ఆ తప్పుకు ఎన్నడూ కొట్టలేదు. తెలుగు వాక్యం బోర్డు మీద రాసి, క్రియ ఎక్కడికి జరగాలో చూపించేవాణ్ణి.

ఇప్పుడు మన మనవలు మన ఉచ్చారణ విని నవ్వితే మనలో చాలామంది నోరు మూసుకుంటున్నారు. వద్దు. వాళ్లతో మాట్లాడండి. తప్పయితే దిద్దమనండి. ఆ కుర్రవాడు నన్ను అవమానించలేదు, నేనే అలా అనుకున్నాను. “అవును నాయనా, మీలాగే” అని మొదటి రోజే చెప్పవలసిన మాట చాలా ఆలస్యంగా చెప్పాను.