నిలువ నీడ కోల్పోవుచున్నవారికి సహాయము

(శతవార్షిక కూటములలో చేసిన ప్రసంగ పాఠము)



సంఘములో ఒక ఇంట జ్వరము వచ్చినదని తెలిసిన సాయంకాలమునకే పదిమంది ప్రార్థనకు చేరుదురు. అదే ఇంటి తలుపునకు ఖాళీ చేయుమని నోటీసు అంటించినయెడల ఆ కుటుంబము దానిని చింపి దాచును. రాత్రివేళ ఎవరికిని చెప్పకుండ సామాను బండికెక్కించును. అప్పు, అద్దె బాకీ పరువు తక్కువ సంగతులని మనమందరము ఎంచుటయే ఇందుకు కారణము. ఇల్లు పోవుటకంటె ముందు నోరు పడిపోవుచున్నది.

రాజుల రెండవ గ్రంథము 8వ అధ్యాయములోని షూనేమీయురాలిని జ్ఞాపకము చేసికొనుడి. ఏడేండ్లు పరదేశములో గడిపి తిరిగివచ్చునప్పటికి ఆమె ఇల్లును పొలమును ఆమె చేతిలో లేవు. ఆమె ఏడ్చుచు కూర్చుండక రాజునొద్దకు పోయి మనవి చేసెను. ఆమెను ఎరిగిన గేహజీ అక్కడ సాక్ష్యము పలికెను. రాజు ఒక అధికారిని నియమించి ఆమె సొత్తు ఇప్పించెను. అడుగువారు, తోడుగా సాక్ష్యమిచ్చువారు, వినవలసిన అధికారి, ఈ ముగ్గురు కూడినప్పుడు ఇల్లు దక్కినది. నేడు మన రాష్ట్రములలో ఆ మనవి ఎక్కడ చేయవలెనో కొంత చెప్పెదను.

మొదట అద్దె ఇంటివారు. బాకీ ఉన్నను యజమాని తనంతట తాను తాళము వేయుటకుగాని, సామాను వీధిలో పడవేయుటకుగాని వీలులేదు. చట్టప్రకారము ఉత్తరువు తెచ్చుకొనవలెను. బలవంతముగా వెళ్లగొట్టబడినవారు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టము 6వ సెక్షను క్రింద, ఆరు నెలలలోపల సివిలు కోర్టులో దావా వేసి స్వాధీనము తిరిగి పొందవచ్చును. అద్దె చెల్లించినప్పుడెల్ల రశీదు తీసికొనుడి. యజమాని మంచివాడైనను తీసికొనుడి.

రెండవది, ఇంటిమీద బ్యాంకు అప్పు. 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద బ్యాంకు మొదట 60 దినముల గడువుతో నోటీసు ఇవ్వవలెను. మనము వ్రాతమూలకముగా అభ్యంతరము తెలిపినయెడల 15 దినములలో కారణములు చెప్పి జవాబియ్యవలెను. తరువాత ఇంటిని స్వాధీనపరచుకొను చర్య తీసికొనినచో, 45 దినములలోపల డెట్ రికవరీ ట్రిబ్యునలుకు పోవచ్చును. అవి హైదరాబాదులోను విశాఖపట్నములోను ఉన్నవి. నోటీసు పెట్టెలో పెట్టి ప్రార్థించుచు కూర్చుండవద్దు. ఆ దినములు మనకొరకు ఆగవు. వీధిలోని వడ్డీవ్యాపారికైతే ఇట్టి అధికారమే లేదు; అతడు కోర్టుకు పోవలసినదే. అతని ఖాళీ కాగితముమీద ఎన్నడును సంతకము చేయకుడి.

మూడవది, ప్రభుత్వపు నోటీసు. కాలిబాటలమీద నివసించువారి వ్యాజ్యములో 1985లో సుప్రీముకోర్టు, జీవనోపాధి జీవించు హక్కులో చేరినదని తీర్పు చెప్పినది. అయినను కాలిబాటమీదనే ఉండిపోవు హక్కును అది ఇయ్యలేదు. 2024 నవంబరు 13న అదే కోర్టు, 15 దినములకు తక్కువకాని నోటీసు ఇయ్యక, ఇంటివారి మాట వినక కట్టడమును కూల్చరాదని ఆజ్ఞాపించినది. రోడ్డు, కాలిబాట, రైలుమార్గపు ప్రక్క, నది ఒడ్డు మొదలగు చోట్ల కట్టినవాటికి ఈ రక్షణ వర్తించదు. గనుక నోటీసుకు జవాబు వ్రాయునప్పుడు పట్టా, పన్ను రశీదు, రేషను కార్డు నకళ్లు జతపరచుడి.

నాలుగవది, స్వంత వారిచేతనే బయటికి నెట్టబడినవారు. ఇల్లు తన పేరున లేకున్నను, భర్తతో కలిసి కాపురమున్న ఇంటిలో నివసించు హక్కు భార్యకు 2005 నాటి గృహహింస నిరోధక చట్టమువలన కలదు. 181కు ఫోను చేయవచ్చును. తమను పోషించవలెనను షరతుతో పిల్లలకు ఇల్లు వ్రాసియిచ్చి, పిమ్మట నిరాకరింపబడిన వృద్ధులు 2007 నాటి చట్టము క్రింద ట్రిబ్యునలులో ఆ దస్తావేజును రద్దుపరచుకొనవచ్చును. వృద్ధుల సహాయమునకు 14567, పిల్లలకు 1098.

ఇప్పటికే వీధిలో ఉన్నవారికి పట్టణములలో నిరాశ్రయుల వసతి గృహములున్నవి. లక్షమంది జనాభాకు ఒకటి చొప్పున, సంవత్సరము పొడవున రాత్రింబగళ్లు తెరచియుండవలెనని 2010లో సుప్రీముకోర్టు ఆదేశించినది. మునిసిపలు ఆఫీసులో అడిగి తెలిసికొనుడి.

వకీలు ఫీజుకు భయపడువారు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు పోవలెను. 15100కు ఫోను చేసినను చాలును. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ అక్కడ ఉచిత సహాయము దొరకును. అయితే మనలో అనేకుల ధ్రువపత్రములలో బి.సి.-సి అని యున్నది గనుక మన పురుషులు ఆదాయ పరిమితినిబట్టి అడుగవలసియుండును. అట్టి ఇండ్లలో తల్లియో భార్యయో దరఖాస్తుదారుగా ముందుకు వచ్చుట మేలు, ఆమెకు ఆ ఇంటిలో హక్కు ఉన్నయెడల.

ఇక మన సంగతి. మన కాంపౌండులలోను ఇండ్లున్నవి. ముప్పది ఏండ్లు సేవచేసిన ఉపదేశకుడు కన్నుమూసిన నెలలోనే అతని విధవరాలిని క్వార్టర్సు ఖాళీ చేయుమని అడుగు సంఘము, ఇతరుల ఇంటి యజమానులను ఏమని మందలించగలదు? క్రొత్తవానికి ఇల్లు కావలెను, నిజమే. కాని పిల్లల పరీక్షలు ముగియువరకైనను గడువిచ్చి, వేరొక గది చూపి, మొదటి అద్దె మనము కట్టిన తరువాత తాళము అడుగుదము.

శతవార్షిక సంవత్సరములో ప్రతి సంఘము ఒక పని చేయవలెనని మనవి చేయుచున్నాను. చదువను వ్రాయను వచ్చిన ఇద్దరిని, అందులో ఒక స్త్రీని, ఏర్పరచుడి. నోటీసు వచ్చిన ఇంటివారు వారికి చెప్పుకొనవలెను; ఆ మాట వారి నోట దాటరాదు. వారు కాగితములు సరిచూచి, గడువు తేదీ వ్రాసి, బ్యాంకుకైనను కోర్టుకైనను ఆ కుటుంబముతోకూడ పోవలెను. ఒంటరిగా పోయిన పేదవానిని గుమాస్తా రేపు రమ్మనును. ప్రక్కన ఇద్దరు నిలువబడినయెడల, ఆ దినమే కాగితము పుచ్చుకొనుట కద్దు.