సంధి మాటలు: మంచం పక్కన కూర్చున్నవారికి నాలుగు మాటలు



బైరెడ్డిపల్లె చుట్టుపక్కల పల్లెల నుంచి, పుంగనూరు, కుప్పం, మదనపల్లె వైపు నుంచి పెద్దవారిని ఆసుపత్రికి తెచ్చి, వారి మంచం పక్కనే రాత్రింబగళ్లు కూర్చునే మీతో ఈ రోజు ఒక ముఖ్యమైన సంగతి మాట్లాడదలచాను.

ఫ్లూ, కోవిడ్ వంటి వైరస్ జబ్బులతో ఊపిరి ఆడక చేరిన పెద్దవారు కొందరు ఉన్నట్టుండి మారిపోతారు. నిన్నటిదాకా చక్కగా మాట్లాడిన అవ్వ ఈ రాత్రి కన్నకొడుకునే "నువ్వెవరబ్బా?" అంటుంది. సెలైన్ సూది పీకేసుకుంటుంది. "ఆవులకు నీళ్లు పెట్టాల, ఇంటికి పోదాం" అని మంచం దిగబోతుంది. తెల్లవారితే కొంచెం బాగుంటుంది, చీకటి పడితే మళ్లీ మొదలు. దీనినే మన పెద్దలు సంధి అన్నారు. డాక్టర్లు డెలీరియం అంటారు.

ఇది గాలి సోకడం కాదు, పిచ్చి అంతకన్నా కాదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గినా, జ్వరం హెచ్చినా, ఒంట్లో నీరు తగ్గినా, షుగరు పడిపోయినా, మూత్రం ఆగిపోయినా, నిద్ర లేకపోయినా, కొన్ని మందుల వల్లా మెదడు తాత్కాలికంగా అదుపు తప్పుతుంది. రోజూ తాగే అలవాటున్నవారు ఒక్కసారిగా మానినా ఇలా కావచ్చు. కాబట్టి ఆ అలవాటును డాక్టరు దగ్గర దాచకండి.

ఇంకొక రకం ఉంది. రోగి అల్లరి చేయడు. పిలిస్తే కళ్లు తెరచి మళ్లీ మగతలోకి జారిపోతాడు, అన్నం అడగడు. "పాపం, నిద్రపోతున్నాడు, లేపవద్దు" అనుకుంటాము. ఇదీ సంధే. ఎవరూ గమనించరు కనుక చికిత్స ఆలస్యమవుతుంది. రోగి మామూలుగా ఎలా ఉంటారో డాక్టరుకు తెలియదు, మీకు తెలుసు. అందుకే తేడా కనబడిన వెంటనే, అర్ధరాత్రి అయినా సరే, నర్సుకు చెప్పండి.

2021లో వెలువడిన ఒక పరిశోధనలో 14 దేశాల ఐ.సి.యు.లలోని 2,088 మంది కోవిడ్ రోగులను పరిశీలించారు. సగానికి పైగా రోగులకు సంధి వచ్చింది. ఇంటివారు వచ్చి గానీ, వీడియోలో గానీ పలకరించిన రోగులలో అది తక్కువగా కనిపించింది. మీ పలకరింపు ఎంత విలువైనదో చూడండి!

మీరు చేయవలసినవి:

1. పేరుతో పిలిచి, "ఇది ఆసుపత్రి నాయనా, నేను నీ కూతురిని" అని నెమ్మదిగా చెప్పండి. వాదించకండి, గద్దించకండి.

2. కళ్లద్దాలు, చెవి మిషన్ ఇంటి నుంచి తెచ్చి పెట్టండి.

3. పగలు వెలుతురులో మేలుకొని ఉండనివ్వండి. రాత్రి దీపం తగ్గించి, సెల్‌ఫోన్ మోగకుండా చూడండి.

4. డాక్టరు వద్దనకపోతే నీళ్లు కొంచెం కొంచెంగా తాగించండి. మగతగా ఉన్నవారి నోట్లో ఏదీ పోయకండి.

5. నిద్రమాత్రలు మీరుగా ఇవ్వకండి. చేతులు కట్టివేయకండి.

6. ఒకరిద్దరే, మాస్కు కట్టుకొని, చేతులు కడుక్కొని ఉండండి. దగ్గు, జ్వరం ఉన్నవారు రావద్దు.

భయపడి రోగిని మధ్యలో ఇంటికి తీసుకుపోకండి. కారణం కనుగొని చికిత్స చేస్తే చాలామందికి కొద్ది రోజులలో నెమ్మదిస్తుంది. కొందరికి వారాలు పట్టవచ్చు. తేరుకున్నాక ఆ మాటలు గుర్తుచేసి నవ్వకండి. అవి జబ్బు పలికించిన మాటలు, మీ నాయన మాటలు కావు.

దేవుడు మీకు ఓర్పును, మీ రోగికి స్వస్థతను దయచేయును గాక.