డొల్ల చప్పుడు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నన్ను డి.ఎ. బకాయిల మీద మాట్లాడమన్నారు. ఆ విషయం నాకంటె బాగా తెలిసినవారు నా తరువాత మాట్లాడతారు గనుక, వారి అనుమతితో నేను ఇంట్లో నేల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. నవ్వకండి. మన వయసులో నేల చిన్న విషయం కాదు.

నేను 2008లో రిటైరయ్యాను. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బుతో ఇక్కడే కంకిపాడులో ఇల్లు కట్టుకున్నాను. మా నాన్నగారి నాటి ఇంట్లో కడప బండలుండేవి. నాకు మాత్రం అద్దంలాంటి విట్రిఫైడ్ టైల్స్ మీద మోజు. మేస్త్రి పునాదుల మధ్య బుసక పోయించి, సరిగా నీళ్ళు పెట్టకుండా, దిమ్మిస కొట్టించకుండా పైన కాంక్రీటు వేయించాడు. టైల్ వెనక నాలుగు మూలలా నాలుగు సిమెంటు ముద్దలు పెట్టి అతికించాడు. నేను పక్కనే కుర్చీ వేసుకుని, పేపరు చదువుకుంటూ అంతా చూశాను. చూశానుగాని ఏం చూస్తున్నానో నాకు తెలియలేదు. ఆ కమ్యుటేషన్ కోత 2023లోగాని తీరలేదు. టైల్స్ సంగతి అంతకుముందే తీరిపోయింది.

రెండేళ్ళకే హాల్లో ఒకచోట కాలు పెడితే డొల్లగా పలికేది. తెలిసీ ఊరుకున్నాను. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు నడిపినవాణ్ణి. "పరిశీలనలో ఉన్నది" అని రాసి పక్కన పెట్టడం నాకు కొత్త కాదు గదా! 2021 మే నెల, ఎండలు ముదిరిన రోజుల్లో ఆ టైల్ అంచు లేచింది. రాత్రి మంచినీళ్ళకని లేచిన మా ఇంటావిడ కాలికి తగిలి పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. నన్ను ఒక్క మాట అనలేదు. అప్పటినుంచి చీకట్లో గోడ పట్టుకునే నడుస్తుంది.

మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటారు. 2024లో వెళ్ళి కొన్ని నెలలున్నాము. వాళ్ళ హాల్లో చెక్క నేల. ఇంజనీర్డ్ వుడ్ అంటారు. పైన అసలు కలప పలుచని పొర, కింద ప్లైవుడ్‌లాగా అతికిన పొరలు. ఆ పలకలను కాంక్రీటు మీద జిగురుతో అంటిస్తారు. వెళ్ళిన రెండోరోజే వంటగది వైపు నడుస్తూ మా ఆవిడ ఠక్కున ఆగిపోయింది. కాలి కింద 'డబ్' మన్నది. ఇక అడుగు ముందుకు వెయ్యదు. అల్లుడు పిలిపించిన కాంట్రాక్టరు హాలంతా పీకి కొత్తది వెయ్యాలన్నాడు. ఎంత అడిగాడో ఇక్కడ చెబితే మీకు బి.పి. పెరుగుతుంది.

విచిత్రమేమంటే, డాలస్ చుట్టుపక్కల భూములూ మన నల్లరేగడి జాతివే. తడిస్తే ఉబ్బుతాయి, ఎండితే బీటలిస్తాయి. మన డెల్టాలో కాలవలు వదిలినప్పుడూ కట్టేసినప్పుడూ గోడల్లో వచ్చే పగుళ్ళు అక్కడా చూశాను. అయినా డొల్లకు ప్రతిసారీ మట్టే కారణం కాదు. కాంక్రీటు ఎగుడుదిగుడుగా ఉంటే పల్లంలో జిగురు చెక్కకు అందదు. జిగురు పూసి పనివాడు కబుర్లలో పడితే పైన మీగడ కట్టి, తరువాత పట్టదు. కింద తేమ ఉన్నా పట్టు వదులుతుంది. తేమ ఉంటే ముందు అది ఎక్కడిదో చూసుకోవాలి.

ఒక శనివారం నేనూ అల్లుడూ నేల మీద కూర్చున్నాము. స్క్రూడ్రైవరు పిడితో తట్టుకుంటూ, డొల్లగా పలికిన ప్రతిచోటా కాగితం టేపు ముక్క అంటించాము. పదకొండు చోట్లు తేలాయి. తరువాత ఒక్కొక్కదాని మీద మడమ ఆనించి నొక్కాము. మూడే కదిలాయి. మిగతా ఎనిమిదీ పలుకుతున్నాయి గాని కదలడం లేదు. వాటి జోలికి పోలేదు. కొన్ని ఇళ్ళలో చెక్క నేలను అసలు అతికించరు, ఊరికే పరుస్తారు. అది పలకడం సహజం, అక్కడ జిగురు ఎక్కించకూడదు.

కదిలిన చోట సన్నని బెజ్జాలు రెండేసి వేశాము, ఒకటి జిగురుకు, ఒకటి లోపలి గాలి బయటికి రావడానికి. బెజ్జం చెక్క మందం దాటకుండా డ్రిల్లు పుల్లకు టేపు చుట్టి గుర్తు పెట్టాము. టెక్సాస్ ఇళ్ళ పునాది కాంక్రీటులో చాలాచోట్ల బిగించిన ఉక్కు తీగలుంటాయి, వాటికి తగిలితే ప్రమాదం. ఇందుకోసమే అమ్మే పలుచని జిగురును సిరంజితో ఎక్కించాము. రెండో బెజ్జంలోంచి జిగురు తొంగిచూడగానే ఆపి, పైకి వచ్చింది వెంటనే తుడిచాము. బరువు పెట్టాలి. అమ్మాయి కొన్న సోనా మసూరి బియ్యం బస్తాలు మర్నాటిదాకా అక్కడే ఉన్నాయి! తరువాత అదే రంగు మైనం బెజ్జాల్లో నింపాము. ఒకచోట మళ్ళీ పలికింది, మళ్ళీ చేశాము. మా ఆవిడ ముందు ఒక కాలు పెట్టి చూసి, తరువాత రెండోది పెట్టింది.

కంకిపాడు తిరిగివచ్చి అదే పరీక్ష మా టైల్స్‌కు పెట్టాను. ఊరికే పలికేవాటిని ఉంచేశాను, మంచం కాళ్ళూ బీరువా మాత్రం వాటి మీదనుంచి జరిపాను. బరువుకు అవి పగులుతాయి. కదిలేవి రెండు తీయించాను. వంద గ్రాముల విట్రిఫైడ్ టైల్ అర గ్రాముకు మించి నీరు పీల్చదు, అందుకే ఒట్టి సిమెంటు పాలు దాన్ని సరిగా పట్టవు. బస్తా మీద ఐ.ఎస్. 15477 అని ఉన్న టైల్ జిగురు తెప్పించి, పళ్ళున్న తాపీతో టైల్ వెనకంతా పూయించాను. టైల్‌కూ టైల్‌కూ మధ్య రెండు మిల్లీమీటర్ల సందు వదిలించాను. ఎండకు అవి సాగడానికి చోటుండాలి. ఈసారి పేపరు చదవలేదు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైల్స్ అటక మీద ఉండబట్టి రంగు కలిసింది. మీరూ మిగిలినవి పారెయ్యకండి.

మా ఆవిడ ఇప్పుడు రాత్రిళ్ళు మంచినీళ్ళకు తనే లేస్తున్నది. గోడ పట్టుకోవడం మాత్రం మానలేదు. సెలవు.