వేసవిలో ఊసరవెల్లి



వేసవి వచ్చినది. బడులకు సెలవు లిచ్చిరి. పిల్లల చూపు కంచెలమీదికిని చెట్లకొమ్మలమీదికిని పోవు కాలమిది. ఈ దినములలోనే ఊసరవెల్లి వారి చేతులకు చిక్కుచుండును. దానిని పెంచుకొందుమని కొందఱు, కొట్టుదుమని కొందఱు బయలుదేఱుదురు. మొదటివారిది ప్రేమ, రెండవవారిది భయము. ఎండకాలమున ఈ రెండింటివలనను ఆ మూగప్రాణికి కలుగు ఫల మొక్కటియే. కావున దానిని ఆరుబయట క్షేమముగా నుంచు విధమును గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

ముందుగా దానిని గుర్తింపవలెను. తొండ ముదిరి ఊసరవెల్లి అయినదని మనము సామెత చెప్పుదుము. మనుష్యుల విషయమున ఆ సామెత చక్కగా నతుకును గాని, ప్రకృతిలో తొండ యెంత ముదిరినను తొండయే. తొండ గోడలపైనను నేలపైనను వడిగా పరుగెత్తును. ఊసరవెల్లి కొమ్మపై ఊగుచు ఒక్కొక్క అడుగే వేయును. దాని వ్రేళ్లు రెండును మూడునుగా కలిసి పట్టుకారువలె కొమ్మను పట్టును. తోక కొమ్మను చుట్టుకొని ఐదవ కాలివలె నుపయోగపడును. కన్నులు రెండును వేర్వేఱుగా తిరుగును. నాలుక దేహమంత పొడవు సాగి పురుగును అంటించుకొని వచ్చును. ప్రపంచమున 200 లకు మించి ఊసరవెల్లి జాతు లున్నవి. వానిలో సుమారు సగము మడగాస్కరు ద్వీపముననే యున్నవి. మన భారతదేశమున నున్నది ఒక్క జాతియే.

పరిసరములను బట్టి రంగు మార్చి మోసగించునని దీనిపై నొక నింద కలదు. ఎఱ్ఱగుడ్డపై నుంచినంతమాత్రమున ఇది ఎఱ్ఱబడదు. ఎండ, చలి, భయము, కోపము, తనజాతి ప్రాణి ఎదురుపడుట, ఇవియే దాని రంగు మాఱుటకు ముఖ్యకారణములు. 2015 వ సంవత్సరమున స్విట్జర్లాండు దేశపు జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మడగాస్కరు ఊసరవెల్లి నొకదానిని పరిశోధించి, దాని చర్మమున అతిసూక్ష్మములైన స్ఫటికము లుండుననియు, వాని నడిమి యెడము మాఱినప్పుడు ప్రతిఫలించు రంగు మాఱుననియు కనుగొనిరి. కాగా అది కపటము గాదు. ఆ ప్రాణి తన స్థితిని తెలుపుకొను భాష. ఇక విష మందురా, దాని కాటున విషము లేదు. పట్టి నొక్కినచో కఱవవచ్చును. అంతకు మించి భయపడవలసిన దేదియు లేదు.

మన పూర్వులు దీనిని సరటమనియు కృకలాసమనియు పిలిచిరి. భాగవత దశమస్కంధములోని నృగమహారాజు కథ మీ రెఱిగినదే. ఒకరి కిచ్చిన గోవునే తెలియక వేఱొకరికి దానమిచ్చిన కారణమున ఆ రాజు కృకలాసమై నూతిలో పడియుండెను. యాదవబాలురు దానిని చూచి రాళ్లు రువ్వలేదు. జాలిపడి త్రాళ్లతో పైకి లాగ యత్నించిరి. చేతగాక పోయి శ్రీకృష్ణునితో చెప్పిరి. నేటి బాలురును అట్టివారే. చెప్పుటకు వత్తురు, వినుటకు మనము సిద్ధముగా నుండవలెను.

గడచిన వైశాఖమున మా బోయిన్‌పల్లిలో మా వీథి పిల్లలు ఒక ఊసరవెల్లిని పెద్ద గాజుసీసాలో నుంచి, మూతకు చిల్లులు పొడిచి, ప్రహరీగోడపై పెట్టిరి. లోపల ఒక ఆకు, చచ్చిన ఈగలు కొన్ని, చిన్న మూతలో నీరు. వారి శ్రద్ధలో లోపము లేదు. "సారూ, నీళ్లు పెట్టినం, తాగుతలేదు" అని వారే నన్ను పిలిచిరి. చూతును గదా, అది పాలిపోయి నోరు తెఱచియున్నది. "నాయనా, ముందు దీనిని నీడకు తెండు" అని, కానుగచెట్టు కొమ్మపై నెక్కించి, చుట్టు ఆకులపై నీరు చిలుకరింపజేసితిని. కొంతసేపటికి అది ఆకు కొసనున్న బొట్టును నాలుకతో నందుకొన్నది. పిల్లలు కేరింతలు కొట్టిరి.

ఇందలి కారణము వినుడు. మనవలె ఊసరవెల్లి తన దేహపు వేడిమిని లోపలినుండి నిలుపుకొనజాలదు. దానికి చెమటయు పట్టదు. ప్రొద్దుట నల్లబడి ఎండ కాచుకొనును. వేడి హెచ్చగానే పాలిపోయి నీడకు జరుగును. ఈ జరుగు స్వేచ్ఛయే దాని ప్రాణము. మన ప్రాంతమున ఏప్రిలు, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు మీఱుట కద్దు. అట్టి ఎండలో మూసిన గాజుసీసా పొయ్యిమీది కుండయే. నడుమునకు దారము కట్టినను అంతియే. నీడ కనబడుచునే యుండును, చేరనీయదు. నిలిచిన నీరు నీరని అది సాధారణముగా నెఱుగదు; ఆకులపై నిలిచిన మంచుబొట్టు, వానబొట్టు త్రాగుట దాని యలవాటు. కదలని పురుగును తిండిగా నెంచదు.

అట్లైన దీనిని పెంచు టెట్లు? పట్టకుండుటయే పెంచుట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దీనిని పట్టుటయు, ఇంట నుంచుకొనుటయు, అమ్ముటయు నేరము. పెరటి చెట్టే దాని పంజరము, తలుపు లేని పంజరము. వేసవిలో కంచె నంతయు ఒక్కమాఱే నఱకి తగులబెట్టక, కొంతభాగము పచ్చగా విడువుడు. ప్రొద్దుట, సాయంకాలము గుబురుపై నీరు చిలుకరింపుడు. ఆ చెట్టుపై పురుగుమందు చల్లకుడు. మిడుతలను ఈగలను ఏరుకొని తిను పని అదియే చేయును. బోయిన్‌పల్లి మార్కెట్టుకు కూరగాయలు పంపు రైతులకు అది కూలి అడుగని పనివాడు. దారిపై నడచుచు కనబడినచో చేతితో పట్టక ఒక కఱ్ఱ నందింపుడు, అదియే యెక్కును. సమీపపు చెట్టుపై విడువుడు. ఆడది గుడ్లు పెట్టుటకు చెట్టు దిగి మెత్తని నేలలో గుంత త్రవ్వును. గుడ్లుపెట్టి, మన్ను కప్పి పోవును. ఆ చోటును గుర్తించి పిల్లలను దూరముగా నుంచుడు.

పిల్లవాడు రాయి చేతబట్టినప్పుడు గద్దించుట సులభము. దానికి మాఱుగా వానిచేత ఒక చెంబు నీ రుంచి, ఆకులపై చల్లుమని చెప్పి, ప్రక్కన నిలిచి చూపుడు. ఆ ప్రాణి నీటిబొట్టు త్రాగుట ఒక్కమాఱు చూచిన చేయి మరల రాయి పట్టదని నా నమ్మకము.

సెలవు.