కడుపు జబ్బులు – మందులు పనిచేసే తీరు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్లుగా మందుల షాపులో పనిచేస్తున్నవాణ్ణి. "గ్యాస్ బిళ్ల ఇవ్వు భాయ్", "విరేచనాలు కట్టే బిళ్ల ఇవ్వు భాయ్" అని రోజూ వినేమాటలే. ఏ మందు లోపల ఏం చేస్తుందో తెలిస్తే అలా అడగరు.

కడుపులో మంటకు కారణం అక్కడ ఊరే ఆమ్లం. యాంటాసిడ్ మందు దాన్ని అప్పటికప్పుడు విరుస్తుంది. ఒమిప్రజోల్ ఆమ్లం ఊరడాన్నే తగ్గిస్తుంది. అందుకే తిండికి అరగంట ముందు వేసుకోవాలి. కొన్ని అల్సర్లకు ఒక సూక్ష్మజీవి కారణమని 1982లో ఆస్ట్రేలియా డాక్టర్లు వారెన్, మార్షల్ కనుగొన్నారు. అలాంటివారు యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగా వాడాలి. మలం నల్లగా వచ్చినా, రక్తం కక్కుకున్నా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఇక విరేచనాల సంగతి. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తుఫాను తీరం దాటినప్పుడు నాకు పన్నెండేళ్లు. బావుల్లో మురికినీళ్లు చేరాయి. రెండేళ్ల మా చెల్లెలికి భేదులు పట్టుకున్నాయి. నీళ్లు తాగితే ఇంకా పోతాయని పెద్దలు నీళ్లు మాన్పించారు. అది నీళ్లడుగుతూనే ఉంది. రెండోరోజు తెల్లవారేసరికి బిడ్డ దక్కలేదు. వాళ్లకు ప్రేమ లేక కాదు, తెలియక.

ఆ మందు అప్పటికే ఉంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా చెలరేగితే, బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగుకు లోపు దిగాయి. విరేచనాలు అవుతున్నా పేగులో గ్లూకోజు లోపలికి పోతూ ఉప్పును వెంటబెట్టుకు పోతుంది. ఉప్పు వెంట నీరు పోతుంది. ఓఆర్ఎస్ చేసే పని ఇదే.

పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలాగి మళ్లీ పట్టాలి. తల్లిపాలు మానకూడదు. జింకు మాత్ర డాక్టరు చెప్పిన మోతాదులో 14 రోజులు వేయాలి.

విరేచనాలు కట్టే లోపరమైడ్ పేగు కదలికను మందగింపజేస్తుందే గాని, పోయిన నీటిని తిరిగి తేదు. చిన్నపిల్లలకు అది ఇవ్వనే కూడదు. జ్వరం, రక్తం ఉంటే పెద్దలూ వాడరాదు. బిడ్డ మగతగా ఉన్నా, కళ్లు లోతుకు పోయినా, తాగలేకపోయినా ఆలస్యం వద్దు.

రంజాన్‌లో కూడా ఇదే మాట. జబ్బుపడినవారు ఉపవాసం మరోరోజు పెట్టుకునే వెసులుబాటు మనకుంది.

ఇంటికి రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు దగ్గర పెట్టుకోండి. నీళ్లడిగిన బిడ్డకు నీళ్లివ్వండి.